ఒకే మాక్రో, ఆరు బటన్లు: ఎక్సెల్ బటన్లకు, మెనూలకు ఆర్గ్యుమెంట్ అందించడం ఎలా?

ఎక్సెల్‌లో బటన్ మీద కుడి క్లిక్ చేసి ‘అసైన్ మాక్రో’ తెరిచారు. మీరు రాసిన మాక్రో (ఎక్సెల్ చేత ఒక పని చేయించే చిన్న ప్రోగ్రామ్) ఆ జాబితాలో లేదు. బహుశా మాక్రో పేరు పక్కన బ్రాకెట్లలో ఒక ఆర్గ్యుమెంట్, అంటే మాక్రోకు బయటి నుంచి అందే విలువ, పెట్టి ఉంటారు. ఆర్గ్యుమెంట్ తీసుకునే మాక్రోను ఎక్సెల్ ఆ జాబితాలో చూపించదు. చాలామంది ఇక్కడే ఆగిపోయి, ఒకే పనికి ప్రాంతానికొకటి చొప్పున ఆరు మాక్రోలు రాస్తారు: గాజువాకకు ఒకటి, మధురవాడకు ఒకటి, పెందుర్తికి ఇంకొకటి. తరువాత చిన్న మార్పు చేయాలన్నా ఆరు చోట్లా చేయాలి. ఒక్కచోట మరిచిపోయినా ఆ ప్రాంతం బకాయిల లెక్క తప్పుతుంది, ఆ తప్పు ఎప్పటికి బయటపడుతుందో చెప్పలేం.

అంత శ్రమ అక్కరలేదు. బటన్ నుంచి మాక్రోకు విలువ చేరవేసే దారులు నాలుగైదు ఉన్నాయి. వాటిలో ఏది ఎక్కడ పనికొస్తుందో, దేని జోలికి వెళ్లకూడదో చెబుతాను. విశాఖలో చిన్న దుకాణాలకు ఖాతా పుస్తకాలు ఎక్సెల్‌లో తయారుచేసి ఇవ్వడం నా పని. ఆ అనుభవంతో ఒక మాట గట్టిగా చెప్పగలను: బటన్ తానెవరో మాత్రం చెప్పాలి, మిగతా సమాచారమంతా షీట్‌లో ఉండాలి. తెలుగులో లెక్కలు రాసుకునేవారికి ఇది మరీ ముఖ్యం. ఎందుకో కింద చెబుతాను.

ఈ వ్యాసంలో కోడ్‌లోని ఆదేశాలను పలికే తీరులో తెలుగు లిపిలో రాస్తున్నాను. ఎడిటర్‌లో మాత్రం వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి.

ముందుగా షీట్లు సిద్ధం చేయండి

అక్కయ్యపాలెంలో ఒక వాటర్ క్యాన్ల దుకాణం ఉందనుకోండి. 20 లీటర్ల క్యాన్లు ఆరు రూట్లలో వెళ్తాయి: గాజువాక, గోపాలపట్నం, పెందుర్తి, ఎంవీపీ కాలనీ, ఆరిలోవ, మధురవాడ. మొదటి షీట్ ‘ఖాతాలు’. ఎ నిలువు వరుసలో ఖాతాదారు పేరు, బి లో రూట్ నంబరు, సి లో క్యాన్ల సంఖ్య, డి లో బకాయి, ఇ లో చివరిగా క్యాన్ ఇచ్చిన తేదీ. రెండో షీట్ ‘రూట్లు’. అందులో ఎ లో నంబరు, బి లో ప్రాంతం పేరు.

ప్రాంతానికి నంబరు ఎందుకంటే, ‘ఎంవీపీ కాలనీ’ని ఒకరు ఖాళీతో రాస్తారు, ఒకరు ఖాళీ లేకుండా రాస్తారు, ఇంకొకరు చివర ఒక ఖాళీ వదిలేస్తారు. కంప్యూటర్‌కు అవి మూడు వేర్వేరు ఊళ్లు. 4 అంటే ఎవరు రాసినా 4.

ఇప్పుడు ఆల్ట్, ఎఫ్11 కలిపి నొక్కి ఎడిటర్ తెరవండి. ‘ఇన్సర్ట్’లో ‘మాడ్యూల్’ ఎంచుకోండి. అసలు పని చేసే మాక్రో ఇది:

సబ్ షోరూట్(బైవాల్ రూట్‌నం యాజ్ లాంగ్)
షీట్1.యాక్టివేట్
షీట్1.రేంజ్("ఎ1").కరెంట్‌రీజియన్.ఆటోఫిల్టర్ 2, రూట్‌నం
ఎండ్ సబ్

అడిగిన రూట్ ఖాతాదారులను మాత్రమే ఉంచి మిగతా వరుసలను దాచడం దీని పని. ఇక్కడ షీట్1 అన్నది ట్యాబ్ మీద కనిపించే పేరు కాదు, ఎడిటర్‌లో ఎడమవైపు ట్యాబ్ పేరుకు ముందు కనిపించే కోడ్ నేమ్. ట్యాబ్ పేరు ‘ఖాతాలు’ అని తెలుగులో ఉంచుకోండి, రేపు దాన్ని మార్చుకోండి, కోడ్ చెదరదు.

తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలు అవుతున్నాయా?

ఎక్సెల్ సెల్స్‌లో తెలుగు చక్కగా కనిపిస్తుంది. అదే తెలుగును మాక్రో ఎడిటర్‌లో అతికించి చూడండి, వరుసగా ప్రశ్నార్థకాలు వస్తాయి. ఎక్సెల్ యూనికోడ్‌ను (అన్ని లిపులకూ చోటున్న అక్షర పద్ధతిని) అర్థం చేసుకుంటుంది. వీబీఏ (ఎక్సెల్ మాక్రోలు రాసే భాష) ఎడిటర్ మాత్రం విండోస్ పాత కోడ్ పేజీల, అంటే కొన్ని లిపులకే పరిమితమైన అక్షర పట్టికల, పద్ధతి మీద నడుస్తుంది, ఆ కోడ్ పేజీలలో తెలుగుకు చోటు లేదు. కాబట్టి కోడ్‌లో కోట్స్ మధ్య "గాజువాక" అని తెలుగులో రాసి, దాన్ని సెల్‌లోని గాజువాకతో పోల్చడం కుదరదు. ఎమ్‌ఎస్‌జీబాక్స్‌లో (మాక్రో సందేశం చూపించే చిన్న పెట్టెలో) తెలుగు చూపించబోయినా సాధారణంగా ప్రశ్నార్థకాలే వస్తాయి.

అయితే తెలుగు పదాన్ని సెల్ నుంచి చదివి మరో సెల్‌లో రాస్తే అది చెక్కుచెదరకుండా వెళ్తుంది. ఇబ్బంది కోడ్‌లో అక్షరాలు టైప్ చేయడంలోనే ఉంది, కోడ్ గుండా వాటిని పంపడంలో లేదు. ఆర్గ్యుమెంట్‌ను కోడ్‌లో కాకుండా షీట్‌లోనో బటన్‌లోనో దాచమని నేను చెప్పడానికి సగం కారణం ఇదే. వినియోగదారుకు ఏదైనా తెలియజేయాలంటే ఎమ్‌ఎస్‌జీబాక్స్ బదులు షీట్ పైభాగంలో ఒక సెల్ కేటాయించి అందులో రాయండి.

దారి ఒకటి: మాక్రో పేరుతోపాటే విలువ రాయడం

‘ఇన్సర్ట్’లోని ‘షేప్స్’ నుంచి ఒక దీర్ఘచతురస్రం గీసి, దానిపై ‘గాజువాక’ అని రాయండి. షేప్‌లోని అక్షరాలు యూనికోడే కాబట్టి తెలుగు బాగానే ఉంటుంది. కుడి క్లిక్ చేసి ‘అసైన్ మాక్రో’ తెరిచి, జాబితాను పట్టించుకోకుండా పైనున్న ‘మాక్రో నేమ్’ గడిలో ఇలా టైప్ చేయండి:

'షోరూట్ 1'

రెండు చివర్లా ఒంటి కోట్ తప్పనిసరి. మాక్రో పేరు, ఒక ఖాళీ, తరువాత విలువ. విలువ చుట్టూ బ్రాకెట్లు పెట్టకండి. విలువ సంఖ్య కాకుండా పదమైతే దాన్ని జంట కోట్స్‌లో ఉంచాలి. రెండు విలువలు ఉంటే మధ్యలో కామా:

'షోరూట్ 1, "పెండింగ్"'

(రెండో రూపం పనిచేయాలంటే మాక్రో కూడా రెండు ఆర్గ్యుమెంట్లు తీసుకునేలా రాసి ఉండాలి.) ఓకే నొక్కాక మళ్లీ తెరిచి చూస్తే ముందు ఫైలు పేరు చేరి ఉండవచ్చు. అది ఎక్సెల్ చేర్చిందే, ముట్టుకోకండి.

ఐదు నిమిషాల్లో అయ్యే పని, అందుకే అందరూ ముందు దీన్నే పట్టుకుంటారు. రెండు మూడు బటన్లు ఉన్న షీట్‌కు ఇది చాలు. అంతకు మించితే నేను దీన్ని వాడను. ఏ బటన్‌లో ఏ విలువ ఉందో తెలుసుకోవాలంటే ఒక్కొక్కటే తెరిచి చూడాలి. ఒంటి కోట్ ఒక్కటి జారితే ఎక్సెల్ ‘మాక్రోను నడపలేను’ అంటుందే గాని తప్పు ఎక్కడుందో చెప్పదు. పైగా షీట్‌ను మరో ఫైలులోకి కాపీ చేసినప్పుడు బటన్లు పాత ఫైలులోని మాక్రోనే వెతుక్కుంటూ వెళ్తాయి. ఈ చివరి చిక్కు ఏ పద్ధతిలో కేటాయించిన బటన్‌కైనా ఉంటుంది. మామూలు మాక్రో పేరైతే మళ్లీ కేటాయించడం తేలిక, కోట్స్‌తో రాసినవాటిని ఒక్కొక్కటిగా సరిచేయాలి.

దారి రెండు: నొక్కినది ఏ బటనో మాక్రోనే తెలుసుకోవడం

షేప్‌ను గాని ఫారం కంట్రోల్ బటన్‌ను గాని నొక్కినప్పుడు ‘అప్లికేషన్.కాలర్’ ఆ బటన్ పేరును ఇస్తుంది. నాకు ఎక్కువగా అక్కరకొచ్చేది ఇదే.

ప్రతి బటన్‌ను ఎంచుకుని, ఫార్ములా బార్‌కు ఎడమవైపున్న పేరు గడిలో రూట్_1, రూట్_2 అని ఇంగ్లిష్ అక్షరాల్లో పేరు పెట్టి ఎంటర్ నొక్కండి. ఎంటర్ నొక్కకుండా బయట క్లిక్ చేస్తే పేరు నిలవదు. తరువాత ఆరు బటన్లకూ ఒకే మాక్రో కేటాయించండి:

సబ్ రూట్‌బటన్()
ఇఫ్ టైప్‌నేమ్(అప్లికేషన్.కాలర్) <> "స్ట్రింగ్" దెన్ ఎగ్జిట్ సబ్
షోరూట్ సీలాంగ్(స్ప్లిట్(అప్లికేషన్.కాలర్, "_")(1))
ఎండ్ సబ్

ఈ మాక్రోకు ఆర్గ్యుమెంట్ లేదు కాబట్టి జాబితాలో కనిపిస్తుంది. ఇది బటన్ పేరును అడ్డగీత దగ్గర విడదీసి, రెండో ముక్కను సంఖ్యగా మార్చి అసలు మాక్రోకు అందిస్తుంది. మొదటి ఇఫ్ వాక్యాన్ని వదిలేయకండి. ఎవరైనా ఈ మాక్రోను బటన్ నుంచి కాకుండా ఆల్ట్, ఎఫ్8 జాబితా నుంచి నడిపితే అప్లికేషన్.కాలర్‌లో పేరుకు బదులు ఎర్రర్ విలువ ఉంటుంది. ఆ వాక్యం లేకపోతే అక్కడే ఆగిపోతుంది.

యాక్టివ్‌ఎక్స్ బటన్లతో ఇది కుదరదు. వాటికి తమ క్లిక్ ప్రొసీజర్ వేరుగా ఉంటుంది, ‘అసైన్ మాక్రో’ ఉండదు. ‘డెవలపర్’ ట్యాబ్‌లో ‘ఇన్సర్ట్’ నొక్కితే పైవరుసలో ఫారం కంట్రోల్స్, కిందివరుసలో యాక్టివ్‌ఎక్స్ కనిపిస్తాయి. పైవరుసలోనివే తీసుకోండి. ఇంకా మంచిది మామూలు షేప్. రంగు వేసుకోవచ్చు, తెలుగు ఫాంట్ నచ్చినట్టు పెట్టుకోవచ్చు.

బటన్ పేరులో కాకుండా ఆల్ట్ టెక్స్ట్‌లో (స్క్రీన్ రీడర్ చదివి వినిపించేందుకు షేప్‌కు రాసే వివరణలో) విలువ దాచడం ఇదే దారికి మెరుగైన రూపం. షేప్ మీద కుడి క్లిక్ చేస్తే ఆల్ట్ టెక్స్ట్ మార్చే ఎంపిక వస్తుంది. అందులో 1 అని రాసి, మాక్రోలో ఇలా చదవండి:

యాక్టివ్‌షీట్.షేప్స్(అప్లికేషన్.కాలర్).ఆల్టర్నేటివ్‌టెక్స్ట్

పేరుకు ఉన్న నియమాలు దీనికి లేవు. తెలుగు రాయవచ్చు, 1|గాజువాక అని నిలువు గీతతో రెండు మూడు విలువలు కలిపి రాసి స్ప్లిట్‌తో విడదీయవచ్చు. కోడ్‌లో టైప్ చేయలేని తెలుగు పదం ఇక్కడి నుంచి సెల్‌కు నేరుగా చేరుతుంది. విలువను సంఖ్యగా మార్చే ముందు ‘ఈజ్‌న్యూమరిక్’తో పరీక్షించండి. ఆల్ట్ టెక్స్ట్ ఖాళీగా ఉన్న బటన్‌ను ఎవరైనా నొక్కితే సీలాంగ్ ఎర్రర్ ఇస్తుంది. కంటిచూపు లేనివారు స్క్రీన్ రీడర్‌తో మీ ఫైలు వాడే అవకాశం ఉంటే మాత్రం ఆల్ట్ టెక్స్ట్‌ను అసలు ప్రయోజనానికే వదిలేసి, విలువను పేరులోనే పెట్టండి.

దారి మూడు: బటన్ ఉన్న చోటే ఆర్గ్యుమెంట్

ప్రతి ఖాతాదారు పక్కన ‘ఇచ్చాం’ అనే బటన్ కావాలి. నొక్కితే ఆ వరుసలో ఇవాళ్టి తేదీ పడాలి. ఇక్కడ ఆర్గ్యుమెంట్ రాయాల్సిన పనే లేదు. బటన్ ఏ వరుసలో ఉందో అదే ఆర్గ్యుమెంట్.

సబ్ ఇచ్చాంబటన్()
డిమ్ వరుస యాజ్ లాంగ్
వరుస = యాక్టివ్‌షీట్.షేప్స్(అప్లికేషన్.కాలర్).టాప్‌లెఫ్ట్‌సెల్.రో
షీట్1.సెల్స్(వరుస, 5).వాల్యూ = డేట్
ఎండ్ సబ్

మధ్యలో కొత్త వరుస చేర్చినా, పైన రెండు వరుసలు తీసేసినా బటన్ జరిగిన చోటునే మాక్రో చదువుతుంది కాబట్టి ఏదీ తిరగరాయనక్కర లేదు. ఈ పద్ధతి నాకు ఎంతో ఇష్టం. అయితే మూడు విషయాల్లో జాగ్రత్త పడాలి.

టాప్‌లెఫ్ట్‌సెల్ అంటే బటన్ ఎడమ పైమూల ఉన్న సెల్. బటన్ వెంట్రుకవాసి పైకి జరిగి పైవరుసలోకి చొరబడితే తేదీ పక్కింటివారి ఖాతాలో పడుతుంది. బటన్ జరిపేటప్పుడు ఆల్ట్ మీట నొక్కి పట్టుకుంటే అంచులు సెల్ గీతలకు అతుక్కుంటాయి. అయినా అచ్చంగా గీత మీద ఉంచకుండా, సెల్ కంటే కాస్త చిన్న బటన్ చేసి మధ్యలో ఉంచితే భయం ఉండదు.

రెండోది చాలామందిని తికమక పెట్టే చిక్కు. మీరు పేరు పెట్టిన బటన్‌ను కాపీ చేసి కిందికి అతికించుకుంటూ పోతే అన్నిటికీ అదే పేరు ఉండిపోవచ్చు. అప్పుడు ఏది నొక్కినా ఎక్సెల్ ఆ పేరున్న మొదటి బటన్‌నే పట్టుకుంటుంది. ఎక్కడ నొక్కినా తేదీ మొదటి వరుసలోనే పడుతోందంటే కారణం ఇదే. ఆల్ట్, ఎఫ్10 నొక్కితే షీట్‌లోని షేపులన్నిటి పేర్లూ పక్కన కనిపిస్తాయి, పునరావృతమైనవి వెంటనే తెలుస్తాయి. బటన్లు ఎక్కువైతే చేతితో మార్చకుండా, షేపులన్నిటినీ చుట్టివచ్చే చిన్న ‘ఫర్ ఈచ్’ మాక్రో రాసి, ప్రతి బటన్‌కూ ఒక్కో క్రమసంఖ్య చేర్చి పేరు పెట్టండి.

మూడోది ఫిల్టర్. షోరూట్ వరుసలను దాచినప్పుడు బటన్లు దాగకుండా ఒకదాని మీద ఒకటి పేరుకుపోతే, షేప్ లక్షణాల్లో ‘మూవ్ అండ్ సైజ్ విత్ సెల్స్’ ఎంచుకోండి. వరుసతోపాటే బటనూ దాగుతుంది.

ఖాతాదారులు వందల్లో ఉంటే ఇన్ని బటన్లు పెట్టవద్దు, ఫైలు బరువెక్కుతుంది. ఆ షీట్ కోడ్‌లో ‘వర్క్‌షీట్_బిఫోర్‌డబుల్‌క్లిక్’ ఈవెంట్ (డబుల్ క్లిక్ చేయగానే తనంతట నడిచే మాక్రో) రాయండి. ఎక్కడ రెండుసార్లు క్లిక్ చేశారో ఆ సెల్‌ను ఎక్సెల్ తానే ‘టార్గెట్’ పేరుతో అందిస్తుంది. టార్గెట్.కాలమ్ 5 అయితే తేదీ వేయండి, ‘క్యాన్సిల్ = ట్రూ’ అని రాసి సెల్ ఎడిటింగ్‌లోకి వెళ్లకుండా ఆపండి. బటనే లేదు, ఆర్గ్యుమెంట్ మాత్రం వచ్చింది.

కుడి క్లిక్ మెనూలో చేర్చాలంటే

ఖాతాదారు పేరు మీద కుడి క్లిక్ చేస్తే ‘గాజువాక రూట్’, ‘మధురవాడ రూట్’ అని రావాలనుకుంటే కమాండ్‌బార్స్ (మెనూలను కోడ్‌తో మార్చే వసతి) ఉన్నాయి. పాతకాలపు మెనూలు 2007లో రిబ్బన్ (ఎక్సెల్ పైభాగంలోని బటన్ల పట్టీ) రావడంతో వెనక్కి వెళ్లినా, కుడి క్లిక్ మెనూల్లో ఈ పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది. ‘కమాండ్‌బార్స్("సెల్").కంట్రోల్స్.యాడ్’తో ఒక అంశం చేర్చి, దానికి మూడు లక్షణాలు ఇవ్వండి: క్యాప్షన్ అంటే కనిపించే పేరు, ఆన్‌యాక్షన్ అంటే నడవాల్సిన మాక్రో, పారామీటర్ అంటే మీరు పంపే విలువ. మాక్రోలో దాన్ని ఇలా అందుకోండి:

షోరూట్ సీలాంగ్(కమాండ్‌బార్స్.యాక్షన్‌కంట్రోల్.పారామీటర్)

కోట్స్ గొడవ లేదు, పేరు విడదీసే పని లేదు. క్యాప్షన్ తెలుగులో కావాలంటే ‘రూట్లు’ షీట్‌లోని బి నిలువు వరుస నుంచి చదవండి, పారామీటర్‌ను ఎ నుంచి తీసుకోండి. రేపు తగరపువలసకు కొత్త రూట్ వేస్తే షీట్‌లో ఒక వరుస చేర్చితే చాలు, మెనూ తానే పెరుగుతుంది. యాడ్ చేసేటప్పుడు ‘టెంపరరీ’ని ట్రూ చేయండి. ఫైలు తెరిచినప్పుడు చేర్చి, మూసేటప్పుడు తీసేయండి, లేకపోతే ఇతర ఫైళ్లలోనూ మీ మెనూ కనిపిస్తుంది. మీ ఖాతాలు ఎక్సెల్ టేబుల్‌గా ఉంటే అందులో కుడి క్లిక్ చేసినప్పుడు వచ్చేది ‘సెల్’ మెనూ కాదు, ‘లిస్ట్ రేంజ్ పాపప్’ అనే వేరే మెనూ. రెండిటికీ చేర్చండి.

రిబ్బన్‌లో సొంత బటన్లు పెట్టేవారికి ఇంకా సుఖం. రిబ్బన్‌ను వర్ణించే ఎక్స్‌ఎమ్‌ఎల్ కోడ్‌లో ప్రతి బటన్‌కూ ‘ట్యాగ్’ ఇవ్వవచ్చు, మాక్రోకు వచ్చే ఐరిబ్బన్‌కంట్రోల్ నుంచి ‘కంట్రోల్.ట్యాగ్’ చదివితే సరిపోతుంది.

గూగుల్ షీట్స్‌లో

ఇక్కడ షరతులు కఠినం. డ్రాయింగ్‌కు స్క్రిప్ట్ (ఇక్కడ మాక్రో లాంటిది) కేటాయించేటప్పుడు ఫంక్షన్ పేరు మాత్రమే రాయాలి. బ్రాకెట్లు గాని విలువ గాని చేర్చితే ఆ ఫంక్షన్ కనబడలేదని వస్తుంది. మెనూలో ‘యాడ్‌ఐటమ్’ కూడా పేరునే తీసుకుంటుంది. ప్రతి రూట్‌కూ ఒక వాక్యం ఉన్న చిన్న ఫంక్షన్ రాయడమే సూటి మార్గం: రూట్1 అనే ఫంక్షన్ లోపల షోరూట్(1), అంతే. అసలు పనంతా షోరూట్‌లోనే ఉంటుంది కాబట్టి మార్పు ఒకేచోట చేస్తారు. లూప్‌తో ఫంక్షన్లను అప్పటికప్పుడు పుట్టించే ఉపాయం కూడా ఉంది గాని, మీ తరువాత ఆ ఫైలు చూసేవారికి అది అంతుపట్టదు. ఆరు రూట్లకు ఆరు వాక్యాలు రాయడమే మేలు. ఇక్కడ ఎడిటర్‌లో తెలుగు నిక్షేపంగా నిలుస్తుంది, మెనూ పేర్లు నేరుగా తెలుగులోనే రాయండి.

క్యాన్లు వేసే కుర్రాడు మధురవాడ అపార్ట్‌మెంట్ లిఫ్ట్ దగ్గర నిలబడి ఫోనులో నొక్కాలంటే మాత్రం డ్రాయింగ్ బటన్లు పనికిరావు. షీట్స్ మొబైల్ యాప్‌లో వాటిని నొక్కినా స్క్రిప్ట్ నడవదు, సొంత మెనూలు కనిపించవు. అందుకు బదులు ఎఫ్ నిలువు వరుసలో చెక్‌బాక్సులు పెట్టి, ‘ఆన్‌ఎడిట్(ఇ)’ ఫంక్షన్ రాయండి. ‘ఇ.రేంజ్.గెట్‌రో()’ వరుసను ఇస్తుంది, ‘ఇ.వాల్యూ’ "ట్రూ" అయితే టిక్ పెట్టారని అర్థం. మొదట షీట్ పేరు, నిలువు వరుస సంఖ్య సరిపోతున్నాయో చూసి, తరువాతే తేదీ వేయండి. లేకపోతే ఏ సెల్‌లో ఏది మారినా తేదీలు పడిపోతాయి. మార్పు జరగగానే తనంతట నడిచే ఈ సాధారణ ట్రిగ్గర్, వాడేవారి అనుమతి అవసరమైన పనులు చేయజాలదు. టిక్ పెట్టగానే ఖాతాదారుకు మెయిల్ వెళ్లాలంటే ఫంక్షన్‌కు వేరే పేరు పెట్టి, ఇన్‌స్టాలబుల్ ట్రిగ్గర్ అమర్చాలి.

లిబ్రెఆఫీస్ కాల్క్ వాడేవారికి

ఫారం బటన్ లక్షణాల్లో ‘అడిషనల్ ఇన్ఫర్మేషన్’ అనే గడి ఉంటుంది. విలువను అందులో రాయండి. బటన్ ‘ఎగ్జిక్యూట్ యాక్షన్’ ఈవెంట్‌కు మాక్రోను కేటాయిస్తే, మాక్రోకు ఈవెంట్ ఆబ్జెక్ట్ దానంతటదే వస్తుంది. ‘ఓఈవెంట్.సోర్స్.మోడల్.ట్యాగ్’ చదవండి. ఎడిటర్ నుంచి నేరుగా నడిపినప్పుడు ఈవెంట్ ఉండదు కాబట్టి దాన్ని ‘ఆప్షనల్’గా పెట్టి, ‘ఈజ్‌మిస్సింగ్’తో పరీక్షించండి. మెనూలకు ఈ వసతి లేదు, గూగుల్‌లో లాగే చిన్న మాక్రోలు రాసుకోవాలి.

దుకాణానికి అప్పగించే ముందు

ఎక్సెల్ ఫైలును ‘మాక్రో ఎనేబుల్డ్’ రకంగా, అంటే ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎం‌గా భద్రపరచండి. మామూలు రకంగా భద్రపరిస్తే బటన్లు మిగులుతాయి, మాక్రోలు పోతాయి. ఫైలును మెయిల్‌లో పంపితే, అవతలివారి కంప్యూటర్‌లో మాక్రోలు నిలిచిపోవచ్చు. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలోని మాక్రోలను 2022 నుంచి మైక్రోసాఫ్ట్ ముందుగానే ఆపేస్తోంది. ఫైలు మీ నుంచే వచ్చిందని అవతలివారు నిర్ధారించుకున్నాకే, ఫైలు మీద కుడి క్లిక్ చేసి ‘ప్రాపర్టీస్’లో ‘అన్‌బ్లాక్’ టిక్ పెట్టించండి. తరువాత ఆరు రూట్ బటన్లనూ ఒక్కొక్కటిగా నొక్కి చూడండి. ‘ఇచ్చాం’ బటన్‌ను మొదటి వరుసలో, చివరి వరుసలో, ఫిల్టర్ వేసి ఉన్నప్పుడు మధ్యలో ఒకచోట నొక్కి, తేదీ సరైన పేరు పక్కనే పడిందో లేదో సరిచూసుకోండి.